బడిలో నేల పాఠం: గొయ్యి తవ్వాలా, సీసా నింపాలా, కిట్ కొనాలా?

స్కూలు గ్రాంటులో కొంచెం డబ్బు మిగిలింది, నేల గురించి పిల్లలతో ఏదైనా చేయించాలని ఉంది, మట్టి పరీక్ష కిట్ కొనేద్దామా అని సైన్సు టీచర్లు తరచుగా అడుగుతుంటారు. డిసెంబరు 5, ప్రపంచ నేలల దినోత్సవం, దగ్గరపడే కొద్దీ ఈ ప్రశ్న ఇంకా ఎక్కువగా వస్తుంది. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు కిట్ వద్దు. ముందు గొయ్యి, ఆ తర్వాత సీసా. తొమ్మిది, పది తరగతులకు ప్రభుత్వం పొలం మట్టిని పరీక్షించి ఇచ్చిన, ఊళ్లో రైతుల దగ్గరున్న సాయిల్ హెల్త్ కార్డులు. కిట్ పనికొచ్చే బళ్లు కొన్ని ఉన్నాయి, అవి ఏవో కూడా చెప్తాను.

ఏ పద్ధతినైనా నేను ఒకే ప్రశ్నతో చూస్తాను. పిల్లకు కనబడిన ఫలితానికి కారణం కూడా అక్కడే, ఆ పిల్ల కళ్లముందే దొరుకుతుందా? దొరికితే రెండో ప్రశ్న దానంతటదే పుడుతుంది. ‘ఇది ఎర్రగా ఎందుకుంది’ అని మొదలైంది ‘మరి చెరువు కింద మడి ఎందుకు ఎర్రగా లేదు’ దాకా వెళ్తుంది. కారణం దొరకని చోట పిల్లలు అంకె రాసుకుని ఊరుకుంటారు. ఖర్చు, టైము, సిలబస్ అన్నీ చూసుకోవాల్సినవే. నా లెక్కలో అవన్నీ దీని తర్వాతే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల టీచర్లకు ఒక పెద్ద సౌకర్యం ఉంది. తూర్పు కనుమల నుంచి సముద్రం దాకా బస్సులో కొన్ని గంటల ప్రయాణమే. ఆ దారిలోనే కొండ అంచున గులక కలిసిన ఎర్రనేల, మెట్ట మీద ఎర్ర గరపనేల (ఇసుక, ఒండ్రు, బంక కలగలిసిన నేల), నాగావళి, వంశధార, చంపావతి ఒడ్డున ఒండ్రు, పల్లంలో బంకనేల, తీరం వెంట ఇసుక, నౌపడ దగ్గర ఉప్పు మడులు కనబడతాయి. పుస్తకంలో నేల పొరల బొమ్మ ఒక్కటే ఉంటుంది, అది ఎక్కడి నేలో ఎవరికీ తెలియదు. ఇన్ని రకాల నేలలు చుట్టూ పెట్టుకుని ఆ ఒక్క బొమ్మతో పాఠం ముగించడం నాకు బాధగా ఉంటుంది.

గొయ్యి

ఒక్కటే చేయగలం, టైము లేదు అనే బడికి నేను చెప్పేది ఇదే. కావాల్సినవి పార, గునపం, కొలిచే టేపు, పాత న్యూస్‌పేపర్లు, చోటిచ్చే రైతు. రెండడుగుల లోతు సరిపోతుంది. ఇసుక నేలల్లో గోడ విరిగి పడుతుంది కాబట్టి అక్కడ మోకాలి లోతు దగ్గరే ఆపేయాలి. తవ్వడం పెద్దవాళ్ల పని, చూడటం, చెక్కడం, కొలవడం పిల్లల పని. ఎండ పడే వైపు గోడను నిట్టనిలువుగా చెక్కించండి. తవ్వేటప్పుడు పైమట్టి ఒక పక్క, లోపలి మట్టి ఇంకో పక్క పోయించాలి, పూడ్చేటప్పుడు లోపలిది ముందు వేసి పైమట్టి పైనే వెయ్యాలి. తారుమారు చేస్తే ఆ చోట రైతుకు పంట తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుందో పిల్లలనే అడగండి, పాఠం సగం అక్కడే అయిపోతుంది.

గజపతినగరం, బొబ్బిలి వైపు ఏ మెట్ట మీద తవ్వినా దాదాపు ఇలా ఉంటుంది. పైన జానెడు లోతు కాస్త గోధుమరంగు మట్టి, అందులో గడ్డి వేళ్లు, చీమల దారులు. దాని కింద ఎరుపు ఒక్కసారిగా చిక్కబడుతుంది. పైమట్టిని నలిపితే పొడిగా రాలిపోతుంది, కిందిది తడిపి నలిపితే వేళ్లకు అంటుకుంటుంది. ఇంకా కిందకు గులక, మొరం, గోటితో గీస్తే రాలే మెత్తబడ్డ రాయి. కింది మట్టి ఎందుకు జిగురుగా ఉందో ఆలోచించనివ్వండి. ఏళ్ల తరబడి వాననీళ్లతో సన్నటి బంకరేణువులు కిందకు దిగి అక్కడ పేరుకున్నాయన్న సంగతి, పొరలను చేత్తో పట్టుకుని చూసిన పిల్లకు ఒక్క మాటలో అర్థమవుతుంది.

కుదిరితే రెండు గోతులు తవ్వించండి. ఒకటి మెట్టలో, ఒకటి అదే ఊరి పల్లంలో, వరికోత అయ్యాక. పల్లం గొయ్యి వేరే లోకం. మట్టి బూడిద రంగులో ఉంటుంది. జానెడు కిందకు వెళ్లేసరికి స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగదు, ఏళ్ల తరబడి దమ్ము చేసీ చేసీ అక్కడ గట్టి పొర ఏర్పడి ఉంటుంది. వరి వేళ్లు ఆ పొర దగ్గరకు వచ్చి పక్కకు తిరగడం కొన్ని చోట్ల స్పష్టంగా కనబడుతుంది. ఒక బెడ్డను వేరు పొడవునా మెల్లగా విరిచి చూపించండి. వేరు ఉన్న సన్నటి గొట్టం చుట్టూ నారింజ రంగు పూత ఉంటుంది.

“సార్, నేలకు తుప్పట్టిందేటి?” అని ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది ఒకసారి. అవును, అది తుప్పే. నీళ్లు నిలిచిన మడిలో గాలి ఉండదు, అందులోని ఇనుము ఎరుపు కోల్పోయి నీటిలో కరిగే రూపానికి వస్తుంది, అందుకే మట్టి బూడిదగా మారుతుంది. వరి తన వేళ్ల ద్వారా కొంచెం ఆక్సిజన్‌ను కిందకు పంపుతుంది. అది తగిలిన చోట ఇనుము మళ్లీ తుప్పుగా మారి వేరు చుట్టూ పేరుకుంటుంది. కెమిస్ట్రీలో ఆక్సీకరణం, క్షయకరణం అని బోర్డు మీద రాసే పాఠం మొత్తం ఆ వేలెడంత బెడ్డలో ఉంది. పక్కనే ఉన్న రైతు “గట్టుమీద మట్టి ఎర్రగుంటది, దిగువన ఇదే రంగమ్మా, మా తాతల కాడ్నుంచి ఇంతే” అన్నాడు. మెట్ట గొయ్యి పొద్దున్నే చూసి వచ్చిన పిల్లలకు ఆ మాట వెంటనే తగిలింది. రాయి అదే, వాన అదే, మారింది వాలు ఒక్కటే.

నేల ఎలా ఏర్పడుతుందో చెప్పడానికి హాన్స్ జెన్నీ 1941లో ఐదు కారణాలను ఒక చోట పెట్టారు: వాతావరణం, జీవులు, నేల వాలు, మూల శిల, కాలం. ఐదూ బట్టీ పట్టించే బదులు, మీ ఊళ్లో మెట్టకీ పల్లానికీ మధ్య వీటిలో ఏది మారింది, ఏది మారలేదు అని అడిగితే చాలు.

ఎప్పుడు తవ్వాలన్నది తేల్చుకోవడం ముఖ్యం. మే నెలలో ఎర్రనేల గునపానికి కూడా లొంగదు. ఆగస్టులో పల్లం నిండా నీళ్లు. అక్టోబరులో తుపానుల టెన్షన్. నవంబరు చివరి నుంచి సంక్రాంతి సెలవుల ముందు దాకా నేలలో పదును ఉంటుంది, కొన్ని మళ్లు ఖాళీ అవుతాయి, నేలల దినోత్సవం కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. తవ్వడానికి చోటు దొరకకపోతే కొత్తగా తీసిన ఇంటి పునాది, రోడ్డు కోసం కోసిన గట్టు కూడా పనికొస్తాయి. గోడ ఎత్తుగా ఉంటే మాత్రం దూరం నుంచే చూపించండి.

జాగ్రత్తలు కొన్ని. కాళ్లకు చెప్పులు తప్పనిసరి, నులిపురుగుల్లో కొన్ని రకాలు పాదాల నుంచే ఒంట్లోకి వెళ్తాయి. చేతికి గాయం ఉన్న పిల్లలు మట్టి ముట్టుకోకుండా రాసుకునే పని చెయ్యాలి. ముందురోజు తవ్విన గొయ్యిలోకి పిల్లలను దించే ముందు తేలు, పాము లేవని పెద్దవాళ్లు చూడాలి. చివర్లో సబ్బుతో చేతులు కడగాలి. గొయ్యిని ఆ సాయంత్రమే పూడ్చెయ్యాలి, పశువులు పడతాయి.

సీసా

బయటకు తీసుకెళ్లడానికి హెచ్.ఎం. గారు ఒప్పుకోలేదు, లేదా తరగతిలో అరవై మంది ఉన్నారు అనుకోండి. అప్పుడు సీసా. కూల్‌డ్రింక్ బాటిల్ వద్దు, దాని అడుగు గుంటలుగా ఉంటుంది, కొలత తప్పుతుంది. అడుగు చదునుగా, పక్కలు తిన్నగా ఉన్న పచ్చడి సీసా మంచిది. మూడో వంతు వరకు నలిపి జల్లించిన మట్టి, చిటికెడు బట్టల సబ్బు పొడి, పైవరకు నీళ్లు. మూత బిగించి బాగా గిలకరించి బల్ల మీద కదలకుండా పెట్టాలి.

ఇసుక నిమిషంలో దిగిపోతుంది, అక్కడ ఒక గీత. రెండో గీతకు బడి టైమ్‌టేబుల్ భలే కలిసొస్తుంది. 0.002 మిల్లీమీటర్ల రేణువు మన వేడికి పది సెంటీమీటర్ల నీటిలో దిగడానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. మొదటి పీరియడ్‌లో గిలకరిస్తే ఇంటి గంట కొట్టేసరికి ఒండ్రు రేణువులు (ఇసుక కన్నా సన్నం, బంక కన్నా ముతక) దిగి ఉంటాయి, రెండో గీత అప్పుడు. మూడోది బంక, దానికి రెండు మూడు రోజులు ఆగాలి.

లెక్క ఇలా చేయించండి. మొత్తం పొర 8 సెంటీమీటర్లు, అందులో ఇసుక 5, ఒండ్రు 1, బంక 2 అనుకుందాం. అంటే ఇసుక 62.5 శాతం, ఒండ్రు 12.5, బంక 25. దీన్ని ఇసుక బంక గరప నేల అంటారు. ఈ మూడు శాతాలను బట్టి నేల పేరు చెప్పే మట్టి త్రిభుజం చార్టులో ఆ చుక్క ఎక్కడ పడుతుందో ఎనిమిదో తరగతి పిల్లలు సొంతంగా పట్టుకోగలరు. ఒక్క విషయం చెప్పి తీరాలి. కొత్తగా దిగిన బంక పొర నీరు పట్టి ఉబ్బి ఉంటుంది, కాబట్టి సీసాలో బంక అసలు కన్నా ఎక్కువగా కనబడుతుంది. కొలతలో ఎటువైపు తేడా వస్తుందో తెలిసి కొలవడం మామూలు మార్కుల కన్నా విలువైన చదువు.

పెద్ద తరగతులకు ఇంకో మెట్టు. రేణువు వ్యాసం సగమైతే దిగే వేగం నాలుగో వంతు అవుతుంది. ఇసుక చివరి హద్దు 0.05 మిల్లీమీటర్లు, బంక మొదలయ్యే హద్దు 0.002. ఇరవై ఐదు రెట్లు చిన్నది, అంటే 625 రెట్లు నెమ్మది. నిమిషానికీ ఇంటి గంటకూ మధ్య తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ ఒక్క గుణకారంలో తేలిపోతుంది.

సీసా ఇంకో పని కూడా చేస్తుంది, కిట్‌లు చేయలేనిది. సబ్బు పొడి వేయకుండా మూడు చోట్ల మట్టి పోల్చండి: మెట్ట, ఉప్పు మడుల పక్కది, చౌడు పట్టిన చోటిది. ఉప్పు ఎక్కువున్న మట్టిలో బంక ఉన్నా నీళ్లు తొందరగా తేరుకుంటాయి, ఉప్పు వల్ల సన్న రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలై దిగిపోతాయి. సోడియం ఎక్కువై ఉప్పు తక్కువున్న చౌడు మట్టిలో నీళ్లు రోజుల తరబడి కలకగానే ఉంటాయి. మన పెద్దవాళ్లు ఏటికి కొత్తనీరు వచ్చినప్పుడు పటిక తిప్పేవారు, చిల్లగింజ అరగదీసి కలిపేవారు. ఆ పనీ ఇదీ ఒకటేనని చెప్పి ఒక సీసాలో పటిక తిప్పించండి. నిమిషాల్లో తేరుకునే ఆ నీళ్లను పిల్లలు మర్చిపోరు.

సీసా కూడా కుదరని రోజు చేతి పరీక్ష ఉంది. గుప్పెడు మట్టిని మురుకుల పిండిలా తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీలా నెట్టాలి. రెండున్నర సెంటీమీటర్ల లోపే తెగిపోతే గరప, ఐదు దాకా సాగితే బంక గరప, ఐదు దాటితే బంక. ముద్దే కట్టకపోతే ఇసుక. పైసా ఖర్చు లేదు. ఊళ్లో పొలం పని చేసే ఏ పెద్దాయనైనా దీన్ని మనకన్నా బాగా చేస్తాడు. ఆయన్ను తరగతికి పిలవండి, పిల్లల లెక్కలో ఆయన గౌరవం కూడా పెరుగుతుంది.

నీరు, బెడ్డలు

అడుగు కోసి తలకిందులు చేసిన రెండు బాటిళ్లు, మూతికి గుడ్డ, ఒకదాంట్లో మెట్ట మట్టి, ఒకదాంట్లో పల్లం మట్టి, రెండిట్లోకీ సమానంగా నీళ్లు. ఎంత సేపటికి ఎంత దిగింది అన్నదే కొలత. చోడి, గోగు, వేరుశనగ మెట్టలో ఎందుకు, వరి పల్లంలో ఎందుకు అన్నది ఆ రెండు గ్లాసుల నీళ్లు చెప్పేస్తాయి.

ఇంకా తేలికది బెడ్డల పరీక్ష. గడ్డి పెరిగే గట్టు నుంచి ఒక ఎండు బెడ్డ, ఏటా దున్నే చేను నుంచి ఒకటి తెచ్చి నీళ్ల గ్లాసుల్లో మెల్లగా వదలాలి. దున్నిన చేను బెడ్డ చాలాసార్లు చూస్తుండగానే విరిగి అడుగుకు జారిపోతుంది, గట్టు బెడ్డ నిలబడుతుంది. వేళ్లు, కుళ్లిన ఆకు, శిలీంధ్రాలు కలిసి ఆ మట్టిని పట్టి ఉంచుతాయి. చేలోకి గెత్తం (పశువుల పెంట) తోలడం ఎరువు కోసం మాత్రమేనని పిల్లలు అనుకుంటారు. మట్టిని పట్టి ఉంచడానికి కూడా అని ఇక్కడ చూస్తారు. ఒక పీరియడ్‌లో అయిపోయే ప్రయోగాల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

రంగులు మారే పరీక్షలు

పసుపు కాగితంతో మట్టి పరీక్ష చేయించే అలవాటు ఒకటి ఉంది. అది మానెయ్యమని నా సలహా. పసుపు ఎర్రబడాలంటే క్షారం బాగా ఎక్కువ ఉండాలి, మామూలు పొలం మట్టికి దానిలో మార్పే కనబడదు. సున్నం నీళ్లకు ఎర్రబడుతుంది కాబట్టి సున్నం గురించి చెప్పడానికి దాన్ని ఉంచుకోండి. మందార పూల రసం కొంచెం నయం, ఆమ్లానికి గులాబీ వైపు, క్షారానికి ఆకుపచ్చ వైపు తిరుగుతుంది, కానీ ఎర్రమట్టి నీళ్లలో ఆ రంగు సరిగా తెలియదు.

ఆమ్లమో క్షారమో అంకెలో చెప్పే పీహెచ్ కాగితం చవక, నమ్మకం కూడా ఎక్కువ. పది గ్రాముల మట్టికి పాతిక మిల్లీలీటర్ల నీళ్లు, అరగంట మధ్యమధ్యలో కలిపి, తేరిన నీటిలో ముంచాలి. ఇక్కడ చాలామంది బోరు నీళ్లు పోసేస్తారు. బోరు నీళ్లకే సొంత పీహెచ్, సొంత ఉప్పు ఉంటాయి. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. వాడే ముందు ఆ నీటినీ బోరు నీటినీ విడివిడిగా పరీక్షించి చూపిస్తే, పోల్చడానికి ఒక ఆధారం ముందు ఉండాలన్న సంగతి పిల్లలకు తెలుస్తుంది.

కిట్ ఎవరికి

బజార్లో దొరికే కిట్‌లలో నత్రజని, భాస్వరం, పొటాష్‌లకు చుక్కల మందులు, రంగుల చార్టు ఉంటాయి. పిల్లలకు హుషారుగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. నా అభ్యంతరం అందులో ఉన్న కెమిస్ట్రీ మీద కాదు. నీలం రంగు వచ్చింది, భాస్వరం మధ్యస్థం అని రాసుకున్నాక ‘ఎందుకు’ అని అడగడానికి ఏమీ మిగలదు. మందు డబ్బాలో ఏముందో టీచరుకు కూడా తెలియదు. కొన్నిటిలో గాఢమైన ఆమ్లం ఉంటుంది, చిన్న తరగతుల చేతికి ఇవ్వకూడదు. మందులకు గడువు తేదీ ఉంటుంది, మరుసటి ఏడాది చూస్తే రంగులు సరిగా రావు, రీఫిల్‌కు మళ్లీ డబ్బు కావాలి. పైగా నేలలో నైట్రేటు ఒక్క పెద్ద వానకే మారిపోతుంది, ఒక రోజు చేసిన ఒక్క పరీక్షతో పొలం గురించి తీర్పు చెప్పకూడదు.

కొనదగిన బడి ఎలాంటిదంటే, తొమ్మిది, పది తరగతులు ఉండి, ల్యాబ్ చూసుకునే టీచరు ఏటా అదే బడిలో ఉండి, పిల్లల దగ్గర ముందే ఒక ప్రశ్న ఉన్నది. ఉదాహరణకు, బడి తోటలో గెత్తం వేసిన మడికీ వెయ్యని మడికీ ఏడాది చివర తేడా ఉంటుందా? అలాంటి ప్రశ్న ఉంటే కిట్ దానికి సాధనమవుతుంది. కేంద్రీయ, నవోదయ, ఏకలవ్య విద్యాలయాల్లో కేంద్ర ప్రభుత్వం మట్టి ల్యాబులతో స్కూల్ సాయిల్ హెల్త్ కార్యక్రమం నడిపింది. అక్కడ పనిముట్లు ఉంటే పక్క ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలు తమ శాంపిళ్లు పట్టుకుని వెళ్లి కలిసి చేయడానికి అనుమతి అడగొచ్చు. రెండు బళ్లూ కిట్ కొనేకన్నా అది మేలు.

కార్డులు

సాయిల్ హెల్త్ కార్డు పథకం 2015 ఫిబ్రవరి 19న మొదలైంది. కార్డులో 12 అంశాలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, లవణాలను చెప్పే విద్యుత్ వాహకత, సేంద్రియ కర్బనం. చాలా ఇళ్లలో ఆ కార్డు ఎక్కడో ఫైలులో ఉంటుంది. తొమ్మిదో తరగతికి దాన్ని మించిన పాఠ్య సామగ్రి లేదు, ఉచితం కూడా. పేరు, ఫోను నంబరు, సర్వే నంబరు కప్పేసి అంకెలు మాత్రమే రాసుకుని రమ్మనండి.

ఊరి మ్యాపు మీద సేంద్రియ కర్బనం అంకెలు వేయించండి. 0.5 శాతం కన్నా తక్కువైతే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. నత్రజని హెక్టారుకు 280 కిలోల లోపు ఉంటే తక్కువ, 560 దాటితే ఎక్కువ. మూడు రంగుల పెన్సిళ్లతో చుక్కలు పెడితే ఊరి నేల బొమ్మ తయారవుతుంది. మెట్ట చుక్కలు ఒక రంగులో, చెరువు కింద చుక్కలు ఇంకో రంగులో గుమిగూడాయా లేదా అన్నది పిల్లలే చూసి చెప్పాలి.

పాత కార్డుల్లో పక్కపక్క రైతులకు అచ్చంగా ఒకే అంకెలు ఉండొచ్చు. మొదటి విడతల్లో నీటి వసతి ఉన్న చోట 2.5 హెక్టార్లకు, వర్షాధారం చోట 10 హెక్టార్లకు ఒక శాంపిల్ తీశారు, ఆ పరిధిలోని అందరికీ అవే అంకెలు. ఏ పిల్లవాడైనా దీన్ని పట్టుకుని ‘మా చేనుది నిజంగా ఇదేనా’ అని అడిగితే అప్పుడు శాంపిల్ తీయడం నేర్పండి. చేనంతా వంకరటింకరగా నడుస్తూ చాలా చోట్ల ఆంగ్ల వీ అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, దాని పక్క నుంచి పైనుంచి కిందకు ఒక చెక్కు తీయాలి. గట్టు పక్కన, చెట్టు నీడలో, గెత్తం కుప్ప ఉన్న చోట తియ్యకూడదు. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలోకు తేవాలి. నీడలో ఆరబెట్టాలి. అరకిలో మట్టి ఎకరాల చేనుకు ఎలా ప్రతినిధి అవుతుందన్నది గణాంకాల పాఠం కూడా.

శాంపిల్ చేతిలో పెట్టుకుని ల్యాబుకు వెళ్లడం వేరు, ఊరికే బస్సెక్కి మెషిన్లు చూసి రావడం వేరు. రెండోదానికి డబ్బు ఖర్చు పెట్టొద్దు. రాగోలు, విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానాలు, నైర వ్యవసాయ కళాశాల, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం మనకు దగ్గరలో ఉన్నాయి. ముందుగా ఉత్తరం రాసి, పిల్లల ప్రశ్నల కాగితం దానికి జత చేసి, రావచ్చా అని అడగండి. ఊళ్లో రైతు సేవా కేంద్రం సిబ్బందిని తరగతికి పిలవడం ఇంకా తేలిక.

తోట, వీడియో

బడి తోట మంచిదే, కానీ వేసవి సెలవులు దాన్ని చంపేస్తాయి. నీళ్లు పోసే మనిషి ఉంటేనే మొదలుపెట్టండి. లేకపోతే మూడు కుండీల్లో మూడు రకాల మట్టి, ఒకే రకం గోంగూర విత్తనాలు, ఒకే కొలత నీళ్లు. ఆరు వారాల్లో ఎత్తు కొలిచి గ్రాఫు గీస్తే చాలు. దాంతో పాటు తెల్ల నూలు గుడ్డ ముక్కలను ఒకటి గెత్తం వేసిన చోట, ఒకటి గట్టిపడ్డ ఆటస్థలంలో నాలుగు వేళ్ల లోతున పాతి, జులైలో పెట్టి సెప్టెంబరులో తీయించండి. ఏ గుడ్డ ఎంత తినేశారో చూస్తే, కంటికి కనబడని ఆ తినేవాళ్ల గురించి చెప్పడం సులువవుతుంది.

వీడియోను గొయ్యి తర్వాత చూపించండి. సూక్ష్మజీవులు, వేల ఏళ్లలో రాయి మట్టి కావడం, ఇలాంటివి మనం చూపించలేము. వాటికి తరగతి గదిలో టీవీ ఉండటం మేలే.

మీ బడి ఉన్న చోటును బట్టి

తీరం దగ్గర బడి అయితే, భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ఎక్కడైనా, ఇసుకతో మొదలుపెట్టండి. గుప్పెడు ఇసుకను తెల్ల కాగితం మీద పలచగా పరిచి భూతద్దంతో చూస్తే గాజులాంటివి క్వార్ట్‌జ్, ఎర్రటివి గార్నెట్, నల్లటివి ఇల్మెనైట్, మాగ్నెటైట్. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని పాలిథీన్ కవరులో పెట్టి తిప్పితే నల్ల రేణువులు కొన్ని ఎగిరి అతుక్కుంటాయి. తూర్పు కనుమల్లో విస్తారంగా ఉండే కొండలైట్ రాయిలో కూడా అదే గార్నెట్ ఉంటుంది. కొండ రాయి ముక్క ఒకటి తెప్పించి పక్కన పెట్టి, ఎర్ర గింజలు రెండిట్లో వెతికించండి. కొండ నుంచి కడలి దాకా మట్టి ప్రయాణం ఇక అడక్కుండానే వాళ్లకు అర్థమవుతుంది. నీటిలో కరిగిన లవణాలను కొలిచే చవక టీడీఎస్ పెన్ను ఒకటి కొంటే తీరం బడికి అది కిట్ కన్నా ఎక్కువ ఉపయోగం: సముద్రం నుంచి ఊరి వైపు వంద అడుగులకో మట్టి తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి ఉప్పు ఎలా తగ్గుతుందో గ్రాఫు గీయించవచ్చు.

గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల మాంగనీసు ఖనిజం ఉంది. అక్కడ నల్లగా ఉన్న మట్టి అంతా సారవంతమైనది అనుకోకూడదు, నలుపు మాంగనీసుది కావొచ్చు. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే మాంగనీసు మట్టి గట్టిగా పొంగుతుంది. కుళ్లిన ఆకుల మట్టి కూడా పొంగుతుంది, సాధారణంగా కాస్త నెమ్మదిగా. ఇది టీచరు చేతి ప్రయోగం, పెద్ద తరగతులకు.

ఉద్దానం బళ్లలో ఒక జాగ్రత్త. కవిటి, సోంపేట, పలాస వైపు పిల్లల ఇళ్లలో కిడ్నీ జబ్బుల దుఃఖం ఉంది. మట్టి పరీక్ష అనగానే ‘మా నేలలో విషం ఉందా సార్’ అని అడుగుతారు. ఆ జబ్బుకు ఇదీ కారణమని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. బడిలో చేసే ఏ పరీక్షా దానికి జవాబు చెప్పదు, ఆ మాట సూటిగా చెప్పాలి. అక్కడ కొబ్బరి, జీడి తోటల ఇసుక నేలలో నీరు ఎంత వేగంగా దిగిపోతుందో, ఆకుల కప్పు కింద తడి ఎంతసేపు నిలుస్తుందో కొలిపించండి. ఆ పిల్లలు తమ నేలను భయంతో కాకుండా తెలివితో చూడటం మొదలుపెట్టాలని నా కోరిక.

విజయనగరం, శ్రీకాకుళం టౌన్లలో ఆటస్థలం కూడా సిమెంటు అయిన బళ్లకు గొయ్యి కుదరదు. పిల్లల్లో చాలామందికి అమ్మమ్మ ఊరు ఉంటుంది కదా, దసరా సెలవులకు వెళ్లే ముందే రెండు కవర్లు ఇచ్చి పంపండి. ఒకదాంట్లో పైమట్టి, ఇంకోదాంట్లో మోచెయ్యంత లోతు మట్టి. కవరు మీద ఊరు, మెట్టో పల్లమో, ఆ చేలో ఏ పంట, తవ్విన తేదీ, తవ్విపెట్టిన వాళ్లు పిల్లకు ఏమవుతారు అన్నవి రాయించండి. సెలవుల తర్వాత గోడ మీద రెండు ఉమ్మడి జిల్లాల మ్యాపు అతికించి, ఊరి దగ్గర ఆ మట్టిని చిటికెడు జిగురుతో అంటించాలి. ఇచ్ఛాపురం పక్క తెల్లటి ఇసుక, పాలకొండ ఒండ్రు, శృంగవరపుకోట ఎరుపు ఒకే గోడ మీదకు వస్తాయి. మిగిలిన మట్టితో సోమవారం సీసాలు మొదలుపెట్టొచ్చు.